తార్నాక కుళాయి నీళ్ళు

ఎన్నేళ్ళుగానో ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తార్నాక పక్కనున్న క్యాంపస్‌లో పర్యావరణ చట్టం పాఠం చెబుతాను. ఫ్యాక్టరీ ముందు నడిపేసి తర్వాత తెచ్చుకునే అనుమతులు చెల్లవని సుప్రీంకోర్టు అన్నది, కొన్ని నెలలకే ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. మొన్న క్లాసులో పిల్లలు దాని మీద వాదించుకుంటుంటే గంట కొట్టకముందే క్లాసు ముగించేశాను. అలాంటి అనుమతి ఒకటి నా చేతుల మీదుగానే వచ్చింది మరి.

అప్పుడు నేను రీసెర్చ్ స్టూడెంట్‌ని. అనుమతి లేకుండా నడుస్తున్న ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఆలస్యంగా దరఖాస్తు పెట్టుకుంది. దానికి కావలసిన రిపోర్టు మా ప్రొఫెసర్ రాస్తున్నారు, పక్క ఊరి బావి నీళ్ళు తెచ్చి పరీక్ష చేయించే పని నాది. సీసాల్లో పట్టి, ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చాను. సీసా మూత తీస్తే కంపు. ఆ ఐస్ డబ్బాను మెట్టుగూడలో స్నేహితుడి గదిలో పడేసి, వాళ్ళక్క పెళ్ళి సందడిలో పడ్డాను. ఐస్ కరిగింది, నీళ్ళు పరీక్షకు పనికిరాకుండా పోయాయి. మళ్ళీ ఆ ఎండలో అంత దూరం ఎవడు పోతాడు? నా గదిలో కుళాయి తిప్పి సీసాలు నింపాను. అంతే. పాపం ఇంత సులువా!

ఫలితాల్లో, పట్నం కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ కనబడింది. పల్లె బావిలో క్లోరిన్ ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. అనుమతి వచ్చేసింది. ఊరివాళ్ళు కేసు వేస్తే, నీళ్ళు బాగున్నాయన్న మా రిపోర్టు చూసి కొట్టేశారు.

తర్వాత ఆ బావి యజమాని సత్తెమ్మ నన్ను వెతుక్కుంటూ క్యాంపస్‌కు వచ్చింది.

“మా నీళ్ళు చూసింది నువ్వేనట గద సారూ?”

“కేసు అయిపాయె కదమ్మా. ఇప్పుడు నేనేం చేస్త?”

“కేసు సంగతి ఇడిశిపెట్టు బిడ్డా. నా మనుమరాలు గా నీళ్ళే తాగుతది. తాగొచ్చునా, తాగొద్దా? గది చెప్పు సాలు.”

తాగొద్దు అంటే సరిపోయేది. కానీ ఆ మాట అంటే నా రిపోర్టు దొంగదని నేనే ఒప్పుకున్నట్టు, అప్పుడే చేతికందుతున్న ఉద్యోగం జారిపోయినట్టు. “కాచి తాగించమ్మా” అన్నాను. దండం పెట్టి వెళ్ళిపోయింది.

కాస్తే రసాయనాలు పోవు. నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడతాయి. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే చెప్పాను.

ఆ పిల్ల ఎలా ఉందో ఇప్పటికీ కనుక్కోలేదు. తీరిక లేకనా? ఛీ, భయం. క్షమించమని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ బావి నీళ్ళు నేను పరీక్ష చేయించలేదు. ఈ ఒక్క వాక్యం రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. సత్తెమ్మ మాత్రం నా మాట నమ్మి ఇంకా ఆ నీళ్ళు కాస్తూనే ఉందేమో.