బావ ఊడ్చిన కోట మెట్లు

మా బావ కోటను చంపింది నేనే. మందుగుండు కాదు, క్రషర్ కాదు. పదిమందిలో ఒక్క వెటకారం మాట ఆడి చంపాను. ఎవరైనా అడిగితే ఇన్నేళ్లూ కంపెనీని నాలుగు తిట్టి తప్పించుకున్నాను. ఇక ఆ నాటకానికి ఓపిక లేదు.

వైజాగ్ దగ్గరి సబ్బవరం దాటి లోపలికి వెళితే మా అప్పని, అంటే అక్కని, ఇచ్చిన ఊరు. ఊరి వెనక కొండ, కొండమీద పాత కోట. కోట అంటే పుస్తకాల్లో బొమ్మలాంటిది ఊహించుకోకండి. రెండు వరుసల రాతి గోడ, సగం కూలిన బురుజు, గింజలు దాచిన పాతర, బండలో తొలిచిన నీళ్ల తొట్టి, కిందనుంచి పైదాకా రాతి మెట్లు. గజపతుల కాలంలో కట్టారనీ, తర్వాత గోల్కొండ నవాబుల మనుషులు కాపురమున్నారనీ, చివరికి ఆ చుట్టుపక్కల దొర ఒకడి చేతికొచ్చిందనీ మా బావ చెప్పేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి. ఉన్నది రెండెకరాల మెట్ట, నాలుగు మేకలు. అయినా కొండ గురించి ఆయన నోరు విప్పితే మేష్టర్లు కూడా ఊ కొట్టేవారు. కార్తీకమాసంలో స్టీల్ ప్లాంట్ క్వార్టర్ల నుంచి, పోర్టు కాలనీల నుంచి వనభోజనాలకు వచ్చే గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లు "కోటాయన ఉన్నాడా" అని అడిగి మరీ పిలిపించుకునేవారు.

చూపించడానికి ఆయనకో వరుస ఉండేది. ముందు మెట్ల దగ్గర మలుపు. "ఈ వంకర ఎందుకెట్టారో సెప్పండి సూద్దాం. ఏనుగు పరిగెట్టుకొచ్చి తలుపు గుద్దకుండానండి." తర్వాత పాతర. అందులో గులకరాయి వేసి, పిల్లలందరినీ నోరు మూయించి, చప్పుడు వినిపించేవాడు. తర్వాత బురుజు ఎక్కించి, దూరంగా సన్నగా మెరిసే సముద్రాన్నీ, గాలి తేటగా ఉంటే పోర్టు క్రేన్లనూ చూపించేవాడు. ఆఖరున కోట పడిపోయిన కథ.

శత్రువులు ఆరు నెలలు కొండ చుట్టూ కూర్చున్నారట. పైన నీళ్లున్నాయి, గింజలున్నాయి, ఉప్పు అయిపోయింది. దొరగారి బావమరిది చప్పిడి గంజి తాగలేక, దొంగదారిన కిందికి దిగి, ఒక మూట ఉప్పుకి ఆ దారి శత్రువులకు చూపించేశాడట. ఇది చెబుతూ బావ వేలు నావైపు తిప్పేవాడు. "అందుకే బావమరిది సేతికి తాళాలియ్యకూడదండి. ఇదిగో, మావోడు కూడా ఉప్పెక్కువే తింతాడు." జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. బావా బావమరుదుల మధ్య సరసం మామూలే కాబట్టి నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఒళ్లు మండిపోయేది. అప్పటికి స్టీల్ ప్లాంట్‌లో నా కాంట్రాక్టు పని పోయింది. కంచరపాలెంలో పట్టాల పక్కన ఒక గదిలో, రైలు వెళ్లినప్పుడల్లా గిన్నెలు సర్దుకుంటూ బతుకుతున్నాను. పట్నం చూసినవాణ్ణి నేను, జనం చేతులు కట్టుకుని వినేది ఆయన మాట. దానికి ఇంకో పేరు పెట్టను, అసూయే.

తొంభైల చివర్లో వైజాగ్‌లో ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. వాటికి కంకర కావాలి. మా అప్పగారి ఊరి కొండమీద క్వారీ కావాలని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. పైన కోట ఉందని బావ అర్జీ పెట్టాడు. విచారణకు ఆఫీసరు వస్తున్నాడన్నారు. ఆయన కొండెక్కి, కళ్లతో చూసి, కోట ఉందని రాస్తే కొండ మిగులుతుంది. లేదని రాస్తే పోతుంది. కంపెనీ మనిషి నన్ను వెతుక్కుంటూ కంచరపాలెం వచ్చి టీ తాగించాడు. క్వారీ వస్తే సూపర్వైజరు నువ్వేనన్నాడు. ఏమీ చెయ్యక్కర్లేదు, బావ వెనకాల నిలబడకుండా ఉంటే చాలన్నాడు. అతను అడిగినదానికంటే నేను ఎక్కువే చేశాను.

బావ నాలుగు రోజులు కొండ దిగలేదు. తుప్పలు నరికాడు. మెట్లన్నీ ఒక్కొక్కటే చీపురుతో ఊడ్చాడు. ఎక్కేసరికి ఆఫీసరుకి దాహమేస్తుందని కొత్త కుండ మోసుకెళ్లి, నీళ్లు నింపి, బురుజు నీడన పెట్టి, పైన స్టీలు గ్లాసు బోర్లించి వచ్చాడు. విచారణ రోజు పొద్దున పెళ్లిళ్లకి కట్టే పంచె కట్టుకున్నాడు.

"బావా, ఆయన ఒక్కసారి పైకెక్కితే సాలు," అన్నాడు నాతో. "నాను నోరిప్పక్కర్నేదు. గోడలే సెబుతాయి."

బడి వరండాలో కుర్చీలేశారు. మే నెల ఎండ. ఊరంతా పోగయింది. బావ చేతులు జోడించి, "పైకి దయసెయ్యండి బాబూ, మెట్లు బాగుసేసినాను," అన్నాడు. ఆఫీసరు కొండ వైపు చూశాడు, తన బూట్ల వైపు చూసుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. మంచివాడే. లేచాడు కూడా. బావ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నేను ఓర్చుకోలేకపోయాను.

"ఎందుకండి బాబూ ఈ ఎండలో," అన్నాను అందరికీ వినబడేట్టు. "కోటా నేదు, పేటా నేదు. మా అప్ప గరిటి తీసినప్పుడల్లా మా బావ పైకెక్కి తొంగుంటాడు. ఆ అరుగుకే కోటని పేరెట్టుకున్నాడు."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత వరండా మొత్తం ఘొల్లుమంది. ఆఫీసరు కూడా నవ్వుతూ కూర్చుండిపోయాడు. అప్పుడు జరిగింది మా జనంలోనే జరుగుతుంది. బావమరిది వేళాకోళానికి బావ నవ్వాలి. కోపం తెచ్చుకుంటే ఓడిపోయినట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు చొప్పున మా బావ నవ్వేశాడు. ఆ నవ్వు చూసి ఆఫీసరు, "ఈయనే ఒప్పుకుంటున్నాడుగా," అన్నాడు గుమస్తాతో. "రాళ్ల గుట్ట అని రాయవయ్యా."

"సరసానికన్నాడండి బాబూ, మా బావమరిది," అంటున్నాడు బావ. అప్పటికే మజ్జిగ వచ్చింది. మజ్జిగ తర్వాత కాగితం వచ్చింది. సాక్షుల్లో నా సంతకం రెండోది. బావ చేత చెట్టంత మనుషులు నలుగురు చుట్టూ నిలబడి పెట్టించారు.

ఆ మధ్యాహ్నం సిగ్గులేకుండా అప్ప ఇంట్లోనే భోజనానికి కూర్చున్నాను. వంకాయ కూరలో ఉప్పు లేదు. అడిగాను. అప్ప గిన్నె సర్దుకుంటూ, నా మొహం చూడకుండా, "నువ్వు తెచ్చుకున్నావు కదరా," అంది. ఆ ముద్ద మింగాను. తరువాత ముద్ద కూడా మింగాను. పళ్లెం ఖాళీ చేసే లేచాను.

బావమరిది బతకగోరు, దాయాది చావగోరు అంటారు. ఆ సామెత కట్టినవాడు నన్ను చూడలేదు.

డ్రిల్లింగు వాళ్లతో మొదటిసారి పైకెక్కింది సూపర్వైజరుగా నేనే. మెట్లమీద చీపురు గీతలు అక్కడక్కడ ఇంకా తెలుస్తున్నాయి. బురుజు నీడన కుండ ఉంది. నీళ్లు సగానికి ఇంకాయి. గ్లాసు బోర్లించినట్టే ఉంది. డ్రిల్లరు ఆ నీళ్లతో చేతులు కడుక్కుని, కుండ పాతరలోకి దొర్లించాడు. పగిలిన చప్పుడు చాలాసేపటికి వచ్చింది. నేను పని మొదలుపెట్టమన్నాను.

ఏడాది తిరక్కుండా దుమ్ముకి బావ మెట్టలో ఏదీ పండలేదు. మేకలు దగ్గి దగ్గి చచ్చాయి. పని అడగడానికి నా దగ్గరికే వచ్చాడు. పేలుడుకి ముందు ఎర్రజెండా పట్టుకుని, విజిల్ ఊది, దారినపోయేవాళ్లని ఆపే పని ఇచ్చాను. ఇంట్లో దాన్ని ఉపకారమని చెప్పుకున్నాను. ఆయన నా కింద నిలబడితే చూడాలనిపించింది, అసలు సంగతి అది. మొదటిరోజే నన్ను "సార్" అన్నాడు. బావా అనవేం అంటే, "డూటీలో బావేటి సార్," అన్నాడు. ఇంటి దగ్గర కూడా మళ్లీ ఆ పిలుపు రాలేదు.

ఇంకో రెండేళ్లకి, ఒకరోజు మధ్యాహ్నం, స్టీల్ ప్లాంట్ క్వార్టర్ల నుంచి ఒకావిడ పిల్లల్ని తీసుకుని కారులో వచ్చింది. బావ జెండా అడ్డం పెట్టి ఆపాడు. ఆవిడ ఆయన్ని గుర్తుపట్టి, "మీరేగా మాకు చిన్నప్పుడు కోట చూపించింది? మా పిల్లలక్కూడా చూపిద్దామని వచ్చామండీ. ఏదీ?" అంది. వాళ్లెదురుగా సగం కొరికిన కొండ ఉంది. బురుజు ఉన్నచోట ఆకాశం ఉంది.

పది అడుగుల దూరంలో రేకుల షెడ్డు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆ వేలు ఇప్పుడు నావైపు తిరుగుతుందనుకున్నాను. తిరగాలనే కోరుకున్నాను.

"కోటా నేదు, పేటా నేదమ్మా," అన్నాడు బావ. నా మాటలే, నా విరుపే, ఎక్కడా మార్చలేదు. "మా ఇంటిది గరిటి తీసినప్పుడు నాను తొంగునే అరుగది. మీకు కోటని సెప్పినాను."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. బావ నావైపు తిరిగి, విజిల్ నోటిదాకా ఎత్తి ఆగాడు.

"టైమైపోనాది. ఊదమంటారా, సార్?"

తల ఊపాను. ఆయన ఊదాడు.