బెల్టు బరువు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అంగన్‌వాడీ టీచర్‌కు ఉండకూడని గుణం అది. నాకంటే పదేళ్లు పెద్దదైన మా ఆయమ్మ ఈ సంగతి రోజుకోసారైనా గుర్తు చేస్తుంది. “జర నిమ్మళం టీచరమ్మా, వాళ్లు నాలుగేండ్ల పోరగాండ్లు, నీ పగోళ్లు కారు” అంటుంది. నేను సరే అంటాను. మధ్యాహ్నానికల్లా మళ్లీ ఎవడో ఒకడి చెవి నా వేళ్ల మధ్య ఉంటుంది.

కాశిబుగ్గలో మా సెంటర్ అంటే ఒక గది, దాని ముందు వరండా, గుడ్లూ పప్పూ దాచే ఒక ఇనుప బీరువా. ఆ వారం పిల్లలకు పొడవు, బరువు చెప్పాలి. పొడవు సులువుగానే గడిచింది. తలుపును జానలతో కొలిచాం. నా జానకు తొమ్మిది వచ్చింది. పిల్లల జానకు ఎంతో ఎప్పటికీ తేలలేదు, ఐదు దాటితే వాళ్లు మళ్లీ ఒకటికి వచ్చేస్తారు. “మీ ఇంట్ల అన్నిటికన్న పొడుగుది ఏంది?” అని అడిగాను. ఒకడు నిచ్చెన అన్నాడు. ఒకతి వాళ్ల తాత నేసే చీర అంది. నీలం రిబ్బన్ల పిల్ల మాత్రం “మా నాయన బెల్టు” అంది.

“మీ నాయనకు అంత పెద్ద పొట్ట ఉన్నదా?” అన్నాను. పిల్లలంతా విరగబడి నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. నేను చూశాను, చూసి కూడా తర్వాతి పిల్లవాడి వైపు తిరిగాను.

బరువు పాఠం కోసం ఒక కట్టె మధ్యలో తాడు కట్టి, రెండు కొసలకూ చిన్న ప్లాస్టిక్ బుట్టలు తగిలించి, కిటికీ చువ్వకు వేలాడదీశాను. ఇంటి నుంచి ఒక బరువైన వస్తువు, ఒక తేలికైన వస్తువు తెమ్మన్నాను. మరునాడు తాళంకప్పలు వచ్చాయి, దువ్వెనలు వచ్చాయి, ఒకడు వాళ్ల నానమ్మ చెప్పు ఒక్కటే తెచ్చాడు. ఏ బుట్ట కిందికి దిగితే అందులోది బరువు అని చెప్పాను. పది నిమిషాల్లో అందరికీ పట్టుబడింది. నాకు నా మీదే ముచ్చటేసింది.

నీలం రిబ్బన్ల పిల్ల వంతు వచ్చింది. సంచిలోంచి పచ్చడి నూరే గుండు తీసింది, దాని వెనకే చుట్టగా చుట్టిన తోలు బెల్టు తీసింది. రెండూ వేశాం. గుండు ఉన్న బుట్ట ధడాలున దిగింది, బెల్టు పైకి లేచింది.

“ఏది బరువు?”

“బెల్టు.”

మళ్లీ వేశాను. మళ్లీ అడిగాను. బెల్టే అంది. గుండును ఆ పిల్ల చేతుల్లో పెట్టి, తర్వాత బెల్టు పెట్టి, “ఇప్పుడు చెప్పు” అన్నాను. బెల్టు అంది. పిల్లలు నవ్వుతున్నారు. ఇది నన్ను కావాలని ఆటపట్టిస్తోంది అనిపించింది. వీపు మీద ఒక్కటి వేశాను.

ఆ పిల్ల ఏడవలేదు, కదల్లేదు. నా వైపు తిరిగి, పాఠం అప్పజెప్పినట్టు, “నీ చెయ్యి తేలిక టీచర్” అంది.

ఆయమ్మ వచ్చి ఆ పిల్ల గౌను వెనక గుండీలు విప్పింది. వీపు మీద అడ్డంగా నాలుగు వాతలు. రెండు పాతవి, రెండు ఇంకా పచ్చిగా ఉన్నాయి. నేను కొట్టింది వాటి మీదే.

“గుండు బరువు కాదా బిడ్డా?” అని అడిగింది ఆయమ్మ.

“దానితోటి ఎవ్వరు కొట్టరు. బెల్టుతోటి కొడితే మా అమ్మ కింద పడ్తది” అంది ఆ పిల్ల. బెల్టును నా వైపు నెట్టి, “ఇది ఇంటికి తీస్కపోను. ఈడనే ఉంచు” అంది.

పాఠానికని తెచ్చింది కాదు. బెల్టు ఇంట్లో లేకుండా చేయాలని తెచ్చింది. దాన్ని బీరువాలో గుడ్ల ట్రేల వెనక పెట్టి తాళం వేశాను. ఈ బెల్టు మళ్లీ ఆ ఇంటి గడప తొక్కదు అని ఆ పిల్లకు మాటిచ్చాను.

అన్నాల వేళకు వాళ్ల నాన్న వచ్చాడు. మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. చేత్తో పట్టుకుని తూకం చెప్పగలడని పేరు.

“టీచర్, పోరి నా బెల్టు తెచ్చిందట గద. ఇయ్యి.”

“ఇయ్య తమ్మీ. పిల్ల వీపు చూసిన.”

అతను పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల చేతిలో గుడ్డు అలాగే ఆగిపోయింది. “ఇంటికి రా బిడ్డా, చెప్త” అన్నాడు, ఎంతో మెత్తగా. ఆ మెత్తదనానికి నాకు ఒళ్లు మండిపోయింది.

అతను బుట్టలోంచి గుండు తీసి అరచేతిలో ఆడించాడు. “కిలంబావు ఉంటది. నా బెల్టు పావుకిల గుడ ఉండదు. గంత దానికి గీ లొల్లి ఎందుకు?” అని గుండును నేలకేసి కొట్టాడు. గచ్చు పగిలింది. పిల్లలు గోడకు అతుక్కుపోయి గొల్లుమన్నారు. కట్టెను చువ్వ నుంచి గుంజి మోకాలి మీద విరిచాడు. తాళంచెవుల కోసం నా మణికట్టు పట్టుకుని మెలేశాడు. ఆయమ్మ పప్పు గంటెతో అతని భుజం మీద బాదింది, అతను ఒక్క తోపు తోస్తే అన్నం గిన్నె మీద పడింది.

“ఇడువు, ఇస్త” అన్నాను.

బీరువా తెరిచి బెల్టు తీశాను. ఇస్తున్నాననుకుని అతను చెయ్యి చాపాడు. చాపిన ఆ చేతి మీదే మొదటి దెబ్బ కొట్టాను. రెండోది మెడ మీద పడింది. మూడోది బకిల్ వైపు నుంచి తగిలి కనుబొమ్మ చిట్లింది, రక్తం కంట్లోకి కారింది. ఆ మూడోది కొడుతుంటే నాకు హాయిగా అనిపించింది. ఈ మాట ఇప్పటిదాకా ఆయమ్మకు కూడా చెప్పలేదు.

నాలుగోదానికి చెయ్యి ఎత్తాను. ఎదురుగా ఆ పిల్ల నిలబడి ఉంది. గుడ్డు పిడికిట్లో నలిగిపోయింది. “మా నాయనను కొట్టకు!” అని అరిచింది. ఆ కళ్లు నా ముఖం మీద లేవు, ఎత్తిన నా చేతి మీద ఉన్నాయి. చెయ్యి ఎటు కదిలితే అటు కదిలాయి.

చెయ్యి దించాను. అతను ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. వాకిట్లో గుమిగూడిన ఆడవాళ్లు “మంచి పని చేసినవ్ టీచర్” అన్నారు. బెల్టు నా దగ్గరే ఉంది. నేను గెలిచాననే అనుకున్నాను, ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

మర్నాడు విరిగిన కట్టెను తాడుతో బిగించి మళ్లీ కిటికీకి కట్టాను. గుండును ఒక బుట్టలో ఉంచాను. అప్పుడే ఆ పిల్ల తల్లి చేతిసంచితో గుమ్మంలోకి వచ్చింది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి చీలింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది.

“మీరు మూడు కొట్టిండ్రట గదక్కా. అవన్ని రాత్రి నాకు తిరిగొచ్చినయ్” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత సులువయ్యేది.

“బెల్టు ఈడనే ఉన్నది గద” అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో నోట్లోంచి వచ్చాక తెలిసింది.

“చేతులున్నయ్ గదక్కా” అంది. “ములుగు బస్సుకు పోతాన, మా అమ్మ కాడికి. ఆ గుండు మా అమ్మదే, దాని కోసం వచ్చిన.”

నాకు సిగ్గేసింది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కకు వేలాడేశాను.

పిల్ల బుట్ట దగ్గరకు వెళ్లి గుండు తీసి తల్లికి ఇచ్చింది. రెండు బుట్టలూ ఖాళీగా, సమంగా నిలిచాయి. అప్పుడు నా దగ్గరకు వచ్చి, కుడి మణికట్టును రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్లి, నా చెయ్యిని ఒక బుట్టలో పెట్టింది. బుట్ట కిందికి దిగింది. తల వంచి కాసేపు చూసింది. ముందురోజు తప్పు చెప్పింది కదా, అది దిద్దుకుంది.

“నీ చెయ్యి గుడ బరువే, టీచర్.”