అక్షరాలు నావి, బొమ్మలు ఆయనవి

పెళ్లయిన కొత్తలో నాచారంలోని అద్దె ఇంట్లో కూర్చుని, నర్సరీ పిల్లల కోసం ఒక రాత పుస్తకం తయారుచేశాం. దిద్దుకునే అక్షరాలు నేను రాశాను. పక్కన అరటిపండు, ఇల్లు, ఉడుత బొమ్మలు మా ఆయన వేశాడు. ఉప్పల్‌లో అచ్చు వేయిస్తే కాప్రా, మల్కాజిగిరి బళ్లు కూడా తీసుకున్నాయి. మొగుడూ పెళ్లాలుగా మేం చేసిన ఒకే ఒక్క మంచిపని అది.

విడాకులప్పుడు మంచం, బీరువా, స్కూటరు ఒక్క పూటలో పంచుకున్నాం. పుస్తకం దగ్గరే తెగలేదు. హక్కు ఇద్దరిదీ, ఒకరి సంతకం లేకుండా ఇంకొకరు అచ్చు వేయకూడదు అని చివరికి వకీలు రాజీ కాగితంలో రాయించాడు. అది నాకు రక్షణ అనుకుని మురిసిపోయాను. నా అంత తెలివితక్కువది ఇంకెవరైనా ఉంటారా!

అప్పట్నుంచి ప్రతి వేసవీ, బళ్లు తెరవకముందే, ప్రెస్సులో ఆ మనిషి ఎదురుగా కూర్చుని ప్రూఫు మీద సంతకం పెట్టాలి. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అయినా అట్ట మీద ఆయన పక్కన నా పేరే. ఒళ్లు మండిపోయేది.

వేరే పుస్తకం చేద్దామని ఇంకొకరితో బొమ్మలు వేయించాను.

"అక్షరాలు అవ్వే ఉన్నయి మేడం, ఆయన కేసు ఏస్తడు. కొత్తగ రాయుర్రి" అన్నాడు వకీలు.

రాశాను. గుండ్రాలు తగ్గించాను, తలకట్లు సాగదీశాను. నేను పనిచేసే బళ్లో పెద్ద టీచరుకు చూపిస్తే, "గిది పాత పుస్తకమే గద! బొమ్మలు మార్చిన్రా?" అంది. ఎంత తిప్పినా నా చెయ్యి నా మాట వినలేదు.

ఆ వేసవి ప్రెస్సులో ఆయన ప్రూఫుతో పాటు ఇంకో కాగితం నా ముందుకు జరిపాడు. ఆ అక్షరాల మీద నాకు ఏ హక్కూ లేదని, అంతా ఆయనకే ఇచ్చేశానని అందులో ఉంది.

"దీని మీద సంతకం జెయ్యి. ఇగ నా మొఖం సూసే పనుండది."

నేను కోరుకున్నదీ అదే. పెన్ను తీశాను. ఆయన పీడ పోతుంది, కానీ నా అక్షరాలూ ఆయన వెంటే పోతాయి. ఆ కాగితాన్ని ఆయన వైపే తోసేశాను.

"నేను జెయ్య" అన్నాను. ప్రూఫు మీద మాత్రం సంతకం పెట్టాను.

"అయితే ఏండ్లకేండ్లు గిట్లనే వస్తవా?"

"వస్త."

పెళ్లినాడు కూడా ఆ మనిషికి అంత గట్టిగా మాటివ్వలేదు నేను.