స్టీరింగు మీంచి లేచే వేలు

ఏడో తరగతిలో బడి మానేసినా, డ్రైవింగ్ మాత్రం నాకు పుట్టుకతోనే వచ్చేసిందనుకునేవాణ్ణి. మా ఊళ్ళో ట్రాక్టరుని కాలవలోకి దించిన చరిత్ర నాది. దించమని ఎవరూ అడగలేదు, అదే దిగింది.

కరోనా ఏడాది, దేశం కాని దేశంలో, డ్రోహెడా అనే ఊళ్ళో ఒక తెలుగు అక్క ఇంట్లో మేడమీది గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ నర్సు. వార్డునుంచి ఏం మోసుకొస్తుందోనన్న భయంతో ఇంట్లో కూడా మాస్కు తీసేది కాదు. నా అన్నం గది గుమ్మం బయట పెట్టి, తలుపు తట్టి వెళ్ళిపోయేది. నేను పనిచేసే హోటలు మూతబడింది. ఊరి బయట ఇళ్ళకెళ్ళి ముసలివాళ్ళని చూసుకునే పని ఇస్తామన్నారు గానీ, ఫుల్ లైసెన్సు ఉండాలన్నారు. నాది లెర్నరు. లైసెన్సున్న మనిషి పక్కన లేకుండా బండి తియ్యకూడదు. సెలవు దొరికిన రోజున అక్కే తన కార్లో నా పక్కన కూర్చునేది, కిటికీలు దించేసి, చలికి శాలువా కప్పుకుని.

"మలుపుకి ముందే స్పీడు తగ్గించు. అవతల ఎవరో ఉన్నారనే అనుకో. లేకపోతే నీ అదృష్టం," అనేది.

ఇక్కడి పల్లె రోడ్లమీద ఎదురొచ్చే బండివాడు, మనం తెలిసినా తెలియకపోయినా, స్టీరింగు మీంచి ఒక్క వేలు లేపుతాడు. అదే పలకరింపు. వారమంతా గోడలకి జోకులు చెప్పుకునే నాకు ఆ వేలు పండగలా ఉండేది. వాళ్ళు వేలు లేపితే నేను చెయ్యే ఎత్తేవాణ్ణి. మాస్కులో నవ్వు కనపడదని, బండి దాటిపోయేదాకా తల తిప్పి కళ్ళతో నవ్వేవాణ్ణి.

ఆ రోజు ఒక ట్రాక్టరాయన వేలు లేపాడు. నేను చెయ్యెత్తి అటు తిరిగాను.

"బ్రేకు!" అక్క అరిచింది.

బండి ఆగాక చూస్తే, రోడ్డు వారన కుక్కతో నడుస్తున్న ముసలాయన, బంపరుకి చేతికర్ర అందేంత దగ్గర్లో. "గ్రాండ్, గ్రాండ్," అని, అంటే ఏం ఫర్వాలేదని, మాకే ధైర్యం చెప్పి నడిచిపోయాడు.

అక్క నన్ను దింపి తనే నడిపింది. ఇంటి ముందు ఆపి, "ఇంక నీ పక్కన నేను కూర్చోను తమ్ముడూ. ఆ పెద్దాయన్ని తెచ్చి మా వార్డులో పడేసేవాడివి," అంది.

ఆ పని చేజారినట్టే. అయినా నా నోరు ఊరుకోదుగా.

"ఏం చెయ్యనక్కా, ఈ దేశంలో నన్ను పలకరించేది ఎదురొచ్చే బండివాళ్ళే!" అని నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆవిడ ఇంజను ఆపింది. తరవాత తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

"రాత్రికి నువ్వు పై మెట్టుమీద కూర్చో, నేను కింది మెట్టుమీద కూర్చుంటా. ఇద్దరం అక్కడే తిందాం. ఎంత వాగుతావో అక్కడ వాగు. ఎల్లుండి రోడ్డెక్కాక మాత్రం మొహం ముందుకి పెట్టు, పెళ్ళిచూపులక్కాదు మనం వెళ్ళేది."