రొయ్యల చెరువు మీద మా పెళ్ళి క్యాసెట్

మా ఆయన తాళ్ళరేవు అవతల, మడ అడవి అంచున ఒక రొయ్యల చెరువుకి కాపలా ఉంటారు. చెరువులో రొయ్య పిల్ల వదిలిన రోజు నుంచి రొయ్య పట్టే రోజు వరకు ఆయన గట్టు దిగడానికి వీల్లేదు. అంటే ఇంచుమించు నాలుగు నెలలు. మండపేటలో అత్తయ్య, నేను ఉంటాం. అత్తయ్య పొద్దున్నే రైస్ మిల్లుకి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఇంట్లో నేనూ, టేప్ రికార్డరూ. మా పెళ్ళికి మా మేనమామ ఒక క్యాసెట్ రికార్డు చేయించాడు. అందులో మొదట సన్నాయి, తర్వాత ఆడవాళ్ళ పాటలు ఉంటాయి. చివర్లో ఎవరో మైకు మా ఆయన నోటి దగ్గర పెట్టి, "ఏదైనా చెప్పవయ్యా పెళ్ళికొడుకా" అంటారు. ఆయన కాసేపు ఆలోచించి, "ఏం చెప్పాలండి?" అంటారు. అందరూ నవ్వుతారు. అక్కడితో టేపు అయిపోతుంది. మధ్యాహ్నాలు నేను ఆ చివరి ముక్కనే వెనక్కి తిప్పుకుని వినేదాన్ని.

ఈ మాఘమాసంలో ఒకరోజు ఆయన మా వీధి కిరాణా కొట్టుకి ఫోన్ చేశారు. "టేప్ రికార్డరు ఎవరిచేతైనా పంపించు వరం. ఇక్కడ మనిషి గొంతే వినపడదు" అన్నారు. మళ్ళీ తనే, "పొద్దున లేస్తే చచ్చిన పిట్టల్ని ఏరడమే పనైపోయింది" అన్నారు. ఎందుకని అడిగేలోపే లైను తెగిపోయింది. ఎవరిచేతో పంపడం ఎందుకు, నేనే పట్టుకెళ్తానని అత్తయ్యతో అన్నాను. "నీకు నోట్లోంచి మాట బయటికి రాదు. కండక్టర్ని టికెట్ ఎలా అడుగుతావే?" అన్నారావిడ. అంటూనే పులిహోర కలిపి క్యారేజీలో పెట్టారు.

మండపేట నుంచి తెల్లవారుజామున కాకినాడ మొదటి బస్సు ఉంటుంది. రామచంద్రపురం మీదుగా గంటన్నర పడుతుంది. ఛార్జీ ఇరవై రూపాయల లోపే. కాకినాడలో దిగి రికార్డరుకి బ్యాటరీలు కొన్నాను. అక్కడ యానాం వెళ్ళే బస్సు ఎక్కితే ముప్పావు గంటలోపు తాళ్ళరేవులో దిగొచ్చు. రామచంద్రపురం దాకా రోడ్డుకి రెండు పక్కలా రెండో పంట దాళ్వా వరి పచ్చగా ఉంది. కాకినాడ దాటి కొంత దూరం పోయాక పొలాలు తగ్గి చెరువులు మొదలయ్యాయి. ప్రతి చెరువులోనూ చక్రాల మిషన్లు నీళ్ళని చిలుకుతూ కనిపించాయి. కిటికీలోంచి వచ్చే గాలి ఉప్పగా ఉంది. బస్సులో నా పక్క సీటు చాలాసేపు ఖాళీగానే ఉంది. రికార్డరు సంచిని అందులో కూర్చోబెట్టి దాని మీద చెయ్యి వేసుకున్నాను.

తాళ్ళరేవులో షేర్ ఆటో ఎక్కితే గోదావరి పాయ ఒడ్డు దాకా తీసుకెళ్తారు. అక్కడి నుంచి పడవే. పడవ నడిపే పెద్దాయన ఎవరి చెరువుకని అడిగాడు. చెప్పాను కానీ నా మాట నాకే వినపడలేదు.

"గట్టిగా చెప్పు తల్లీ. ఈ పడవకి ఇంజనైనా లేదు, అయినా వినపడట్లేదు" అన్నాడు. రెండోసారి చెప్పాక పెద్దగా నవ్వాడు. "సత్తిబాబు పెళ్ళానివా! ఆయనా ఇంతే. మీరిద్దరూ ఎలా మాట్లాడుకుంటారమ్మా, సైగలతోనా?"

పడవ అడుగున పొడుగాటి పచ్చటి కాయలు కుప్పగా ఉన్నాయి. ఏంటివని అడిగాను. ఉప్పుపొన్న కాయలట, మడ అడవిలో చెట్టువి. నీళ్ళలో తేలుతూ పోయేవాటిని ఏరి, చెట్లు లేని చోట బురదలో గుచ్చుతాడట.

"ఎవరు చెప్పారు బాబాయిగారూ, ఇలా చెయ్యమని?"

"ఎవరు చెప్తారమ్మా? మొన్న గాలివానకి మా ఇంటి కప్పు ఎగిరిపోయింది. అదే చెప్పింది." ఆయన పడవ తోసే గెడతో గట్టు వైపు చూపించాడు. "నా కుర్రతనంలో ఇక్కడ పడవ పోతుంటే రెండు పక్కలా కొమ్మలు నెత్తికి తగిలేవి. పొయ్యిలోకి మేమూ కొట్టాం, కాదన్ను. మేం కొమ్మలు కొడితే చెరువులు తవ్వేవాళ్ళు మిషను పెట్టి వేళ్ళతో సహా లేపేశారు. అప్పట్లో గాలి ముందు మడకి తగిలి, అలిసిపోయి మా ఇంటికొచ్చేది. ఇప్పుడు తిన్నగా వచ్చేస్తోంది. మా నూతిలో నీళ్ళు కూడా ఉప్పనైపోయాయి. తాగే నీళ్ళు బిందెలతో పడవ మీద తెచ్చుకుంటున్నాం."

చెరువు గట్టు మీద మా ఆయన నిలబడి ఉన్నారు. నన్ను చూసి పరుగున వచ్చి, సంచి అందుకుని, "వచ్చావా" అన్నారు. అంతే. బాగా నల్లబడ్డారు. ఆయన్ని సరిగా చూసేలోపే నా చూపు చెరువు మీదకి పోయింది. చెరువు నాలుగు వైపులా కర్రలు పాతి, ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి సన్నటి నైలాన్ దారం లాగి కట్టారు. ఎండలో ఆ దారం కంటికి ఆనదు. ఒక తెల్లకొంగ మాత్రం నీళ్ళకి జానెడు పైన గాల్లో వేలాడుతూ రెక్క కొట్టుకుంటోంది.

మేమిద్దరం నీళ్ళలోకి దిగాం. "కళ్ళు జాగ్రత్త, ముక్కుతో పొడుస్తుంది" అన్నారు. నేను తువ్వాలు కప్పి పట్టుకున్నాను. అంత పెద్ద పిట్ట, చేతిలో బరువే లేదు. దాని గుండె కొట్టుకోవడం నా అరచేతికి తెలిసింది. ఆయన బ్లేడుతో దారం కోశారు. వదిలేస్తే అది ఎగరలేదు. ఒక రెక్క ఈడ్చుకుంటూ మడ వేళ్ళ మధ్యకి నడుచుకుంటూ పోయింది.

"బతకదు" అన్నారు మా ఆయన. "రోజూ ఇంతే. మొదట్లో టపాకాయలు కాల్చేవాళ్ళం. వాటికి అలవాటైపోయింది. అప్పుడు చెరువు ఆసామిగారు ఈ దారం కట్టించారు. నావల్ల కాదు వరం. మానేసి వచ్చేద్దామనుకుంటున్నాను."

ఆ మాటకి నాకు సంతోషం వేసింది, ఉన్నమాట రాస్తున్నాను. ఆయన ఇంటికొచ్చేస్తారు. కానీ మండపేటలో ఆయనకి పని దొరక్కే ఇక్కడికి వచ్చారు. పైగా ఈయన మానేస్తే ఇంకొకరు వస్తారు. దారం అలాగే ఉంటుంది.

గుడిసెలో పులిహోర తింటుంటే మా నాన్న మొక్కజొన్న చేను గుర్తొచ్చింది. కంకి పాలు పోసుకునే రోజుల్లో చిలకలు రాకుండా, పాడైపోయిన క్యాసెట్ల టేపు తీసి చేను చుట్టూ కట్టేవారు. ఎండకి మెరిసేది, గాలికి జుంయ్‌మని మోగేది. ఆ సంగతి మా ఆయనతో చెప్పాను.

"బాగానే ఉంటుంది. ఆసామిగారితో నువ్వే చెప్పు" అన్నారు.

"నేనా? మీరు చెప్పండి."

"నీకు కదా తెలుసు."

ఇలా ఒకరినొకరం ముందుకి తోసుకుంటుండగానే ఆసామిగారి మోటారు సైకిల్ గట్టు మీద ఆగింది. ఆయన ముందు దారం వైపు చూశారు. "ఎవడయ్యా కోసింది?" అన్నారు. మా ఆయన తల దించుకున్నారు. నేను గుడిసె గుంజ పట్టుకుని, "మేమేనండి. కొంగ పడిందండి" అన్నాను.

"పడితే పడనీ. పక్క చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలింది, తెలుసా? అక్కడ చచ్చిన రొయ్యని ముక్కున కరుచుకొచ్చి ఇక్కడ పడేస్తే నా చెరువంతా పోతుంది. అప్పుడా కొంగ వచ్చి నాకు అన్నం పెడుతుందా?"

ఆయన మొహంలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"దారం వాటికి కనపడదండి. అందుకే వచ్చి పడుతున్నాయి. ముక్కున తెగులు రొయ్య ఉంటే, అది కూడా మన చెరువులోనే పడుతుంది కదండి. అసలు ఇటు రాకుండా ఉంటే మీకే మంచిది" అన్నాను. టేపు సంగతి చెప్పాను.

"సినిమా పాటలతో కొంగల్ని తోలతావా? మా ఇంటావిడకి చెప్తే రెండ్రోజులు నవ్వుతుంది" అని ఆయన గడ్డం గోక్కున్నారు. "సరే, వారం చూస్తాను. పిట్టలు దిగాయో, దారం మళ్ళీ కట్టాలి. కట్టనంటే ఇంకో మనిషిని చూసుకుంటాను. విన్నావా సత్తిబాబూ?"

"ఆయ్, అలాగేనండి" అన్నారు మా ఆయన.

నేను తెచ్చినవి మూడు క్యాసెట్లు. రెండు సినిమా పాటలవి, మూడోది మా పెళ్ళిది. ఇద్దరం కలిసి విందామని దాన్ని కూడా తెచ్చాను. ముందు నైలాన్ దారమంతా విప్పి ఉండ చుట్టాం. తర్వాత పాటల క్యాసెట్లు పగలగొట్టి, ఒక కర్ర నుంచి ఇంకో కర్రకి టేపు కడుతూ పోయాం. ఎండ వాలేసరికి మూడు వైపులు అయ్యాయి. మడ అడవి వైపు మిగిలిపోయింది. పిట్టలు వచ్చేది ఆ వైపు నుంచే. పాయలోంచి పెద్దాయన కేక వేశాడు, "ఆటుకి నీళ్ళు తీసేస్తున్నాయి తల్లీ, ఆలస్యమైతే పడవ బురదలో కూర్చుంటుంది!"

నేను మూడో క్యాసెట్ తీశాను.

"అది వద్దు" అన్నారు మా ఆయన.

"ఇంట్లో ఉంటే నేనొక్కదాన్నే వింటాను. ఇక్కడుంటే మీకూ వినపడుతుంది" అన్నాను. ఆయన చెయ్యి చాపారు. కొత్త బ్యాటరీలు సంచిలోనే ఉన్నాయి. ఒక్కసారైనా వినడానికి వ్యవధి లేకపోయింది. చివరి కర్రకి కట్టే టేపు, లెక్కప్రకారం, ఆయన మాట ఉన్న ముక్కే అయ్యుండాలి. ముడి ఆయనే వేశారు. రికార్డరులో రేడియో కూడా ఉంది కాబట్టి దాన్ని ఆయన దగ్గరే ఉంచేశాను.

పడవ ఎక్కబోతుంటే పెద్దాయన రెండు కాయలు నా చేతిలో పెట్టాడు. మోకాలి లోతు బురదలో దిగి గట్టు వారన గుచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే చెరువు మీద టేపు ఎర్రటి ఎండలో మెరుస్తోంది. దాని కింద మా ఆయన ఒక్కరే నిలబడి ఉన్నారు. పాయ మలుపు తిరిగాక ఇక కనపడలేదు. కాకినాడ నుంచి మండపేట దాకా కిటికీ పక్కనే కూర్చున్నాను. ఒళ్ళో ఖాళీ క్యాసెట్ డబ్బా ఉంది.

ఆ వారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఏ చప్పుడూ లేదు. కొట్టు నుంచి పిలుపు వచ్చేదాకా, ఆయన్ని తీసేశారేమోనన్న భయం, తీసేస్తే వచ్చేస్తారన్న ఆశ రెండూ ఉన్నాయి. ఫోన్‌లో మా ఆయన, "ఒక్కటీ పడలేదు. వస్తాయి, పైనే ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోతాయి. ఆసామిగారు దారం ఉండ ఇంటికి పట్టుకుపోయారు" అన్నారు. "ఇంకా?" అన్నాను. "ఇంకేం చెప్పాలి?" అన్నారు. కొట్టులో అందరి ముందూ నవ్వేశాను. ఆ సాయంత్రం మాత్రం ఒక ఆలోచన వదల్లేదు. మా చెరువు మీద తిరిగి వెళ్ళిపోయిన కొంగలు ఎక్కడికి వెళ్తున్నాయి? ఆ చెరువు ఉన్న చోటే వాటి మడ ఉండేది. వాటికి తిండి, నీడ అక్కడే ఉండేవి. మేం కట్టిన టేపు వాటిని చావకుండా ఆపింది, అంతే. ఇల్లు మాత్రం తిరిగి ఇవ్వలేదు. అది ఆ పెద్దాయన కాయలే ఇవ్వాలి. నేను గుచ్చినవి రెండే. బతికాయో లేదో వచ్చేసారి వెళ్ళి చూడాలి.

మీరు అటు వెళ్తే మూలన పడి ఉన్న పాత క్యాసెట్లు పట్టుకెళ్ళండి, చెరువుల మీద అడిగేవాళ్ళు ఉన్నారు. టేపుని ఒక మెలిక తిప్పి కడితేనే గాలికి మోగుతుంది. తెగిన ముక్కలు పాయలో పడకుండా ఏరెయ్యమని వాళ్ళకి చెప్పండి. ఇచ్చేముందు మాత్రం క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా వినండి.