ఉప్పలమ్మ ఎత్తుకునే పాటలు

కిష్టారం అవతల అడవిలో ఉన్న మా ఊరి చర్చికి గోడలు సగమే లేచాయి, కప్పు రేకులది. ఏమున్నా లేకున్నా పాటకు లోటు లేదని చాలా ఏళ్లు మురిసిపోయాం. ఆ మురిపెమంతా ఉప్పలమ్మ పెట్టిన భిక్ష.

ఉప్పలమ్మ కూలిమనిషి. ఏటా మిరపకాయలు ఏరడానికి చర్ల వైపు వెళ్లేది. అక్కడి ప్రార్థనల్లో విన్న పాటల రాగాలు ఆమెకు నచ్చాయి గాని, వాటిలో మన ఊరు లేదని పెదవి విరిచింది. తిరిగొచ్చి తనే కట్టడం మొదలుపెట్టింది, సగం తెలుగులో, సగం మా ఇంటి భాష దోర్లీలో. ఆ వారం వాన పడితే వాన, ఇప్పపూలు రాలితే ఇప్పపూలు, ఎవరింట్లో బిడ్డ పుడితే ఆ బిడ్డ పేరు, అన్నీ చరణాల్లోకి వచ్చేసేవి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పాట కట్టిన మనిషే ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ఆ మనిషి బతికుండగా ఇంకొకరు ఎత్తుకుంటే పక్కకు నెట్టేసినట్టు లెక్క. ముయా అనే అతను డోలు వాయిస్తుంటే ఉప్పలమ్మ చరణం పాడేది. మేమంతా "వాగు దాటి రావయ్యా, మా తోడుండవయ్యా" అని అందుకునేవాళ్లం. ఎన్ని చరణాలు పాడినా మా వంతు ఆ ఒక్క మాటే. మా బద్ధకానికి అది బాగా కుదిరింది.

ఈ పద్ధతిని పట్టుకున్నంత గట్టిగా ఉప్పలమ్మ బైబిల్‌ని కూడా పట్టుకోలేదు. ఎవరైనా ఫోను తీస్తే అది జేబులోకి వెళ్లేదాకా నోరు విప్పేది కాదు. ఫోనులోకి ఎక్కితే దారిన పోయేవాళ్లంతా ఎత్తుకుంటారని ఆమె బాధ. నెలకోసారి సుక్మా నుంచి మోటారు సైకిల్ మీద వచ్చే పాస్టరు రాజశేఖర్‌గారు ఎంత బతిమాలినా వినలేదు. మేం నవ్వుకుని ఊరుకున్నాం.

కూతురు మీనాది తల్లికన్నా మంచి గొంతు. పెళ్లికి ముందు ఒక ఆదివారం తల్లి దగ్గు వచ్చి ఆగితే, తర్వాతి చరణం మీనా ఎత్తుకుంది. చర్చి అంతా తిరిగి చూసింది. ఉప్పలమ్మ మొహం మాడిపోయింది.

"నేను బతికుండంగనే ఎత్తుకుంటున్నవా? ఏంది నీ తొందర?" అంది అందరి ముందూ.

ఆ పిల్ల మళ్లీ చరణం జోలికి పోలేదు. తల్లి ఇంట్లో కొత్త పాట కట్టుకుంటుంటే బిందె తీసుకుని బయటికి పోయేది. పాడనివ్వమని మాలో ఒక్కరూ అనలేదు. తర్వాత పామేడు వైపు సంబంధం కుదిరి వెళ్లిపోయింది.

కిందటి వానాకాలం ఉప్పలమ్మకు పక్షవాతం వచ్చింది. వాగు పొంగడంతో ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. ప్రాణం దక్కింది గాని, కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. చెప్పింది వింటుంది, అర్థం చేసుకుంటుంది, నోరు తెరిస్తే గాలే వస్తుంది.

తల్లిని చూసుకోవడానికి మీనా వచ్చింది. ఆదివారం ఉప్పలమ్మను మంచంతో సహా మోసుకొచ్చి ముందు కూర్చోబెట్టాం. మీనా పాడవచ్చా అని పాస్టరుగారు ఆమెనే అడిగారు. ఆమె గబగబా తలూపి, ఎడమ చేత్తో కూతురి వీపు మీద నెట్టింది. మాకు ప్రాణం లేచొచ్చింది. ముయా డోలు అందుకున్నాడు.

మీనా మొదటి మాట పాడింది. రెండోది సగంలో ఆగింది. మేం సందు పూడ్చడానికి మా వంతు గట్టిగా పాడి, చరణం కోసం ఆగాం. రాలేదు. మళ్లీ వాగు దాటి రమ్మన్నాం, మళ్లీ ఆగాం. మా గొంతులు మాకే రోతగా వినిపించాయి. ముయా డోలు ఆపేశాడు.

మీనా వెళ్లి తల్లి ముందు కూర్చుంది. కోప్పడినా బాగుండేది, ఆమె గొంతులో కోపం లేదు.

"నాకు రాదమ్మా. నువ్వు ఎత్తుకోవద్దన్నవ్ గదా, అప్పటిసంది ఇనుడే మానేసిన."

ఉప్పలమ్మ ఎడమ చేత్తో కూతురి గడ్డం పట్టుకుంది. కళ్ల నీళ్లు కారుతున్నా పెదాలు కదుపుతూనే ఉంది. అది ఏ చరణమో పోల్చుకోగలిగినవాళ్లు చర్చి మొత్తంలో ఒక్కరూ లేరు.