ఎర్రజెండా క్లాసులో కాషాయం బెంచీ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నేను భద్రాచలంలో బి.ఏ. రెండో ఏడు చదువుతుండగా, మా కాలేజీకి యూనివర్సిటీ నుంచి ఒక కాగితం వచ్చింది. పదిహేను మందైనా లేని గ్రూపుల్ని మూసేస్తారట, లెక్క చూడ్డానికి తనిఖీ అధికారి వస్తాడట. రాజనీతిశాస్త్రంలో మేం తొమ్మిది మందిమి. కొత్తగా పెట్టిన కంప్యూటర్ కోర్సుకు మాత్రం బెంచీలు చాలడం లేదు. కంప్యూటర్లు రెండే. అందులో ఒకటి ప్రిన్సిపాల్ గదిలో గుడ్డ కప్పుకుని విశ్రాంతి తీసుకునేది.

నేను ఎర్రజెండా సంఘం. "చదువును అమ్మకానికి పెట్టొద్దు" అని గేటు దగ్గర గొంతు చించుకునేదాన్ని. ఎదురుగా నిలబడి మమ్మల్ని దేశద్రోహులని తిట్టే కాషాయ సంఘం నాయకుడు బి.కాం. చదివేవాడు. ఇద్దరిదీ గోదావరి అవతలి సారపాకే, ఎక్కేది ఒకే షేర్ ఆటో. మాటల్లేవు గానీ, ఇరుకులో మోకాళ్లు మాత్రం రోజూ తగిలేవి.

తనిఖీకి ముందురోజు ఆటోలో సిగ్గు విడిచి నేనే నోరు తెరిచాను.

"అన్నా, రేపు మా క్లాసుల ఒక గంట కూసుంటవా? ఇంకో అయిదుగురిని తీస్కరా."

"ఏంది, నన్ను ఎర్రజెండా క్లాసులనా?"

"తలకాయలు లెక్కవెడ్తరు, గంతే. నిద్రపోయినా మంచిదే."

ఆటో గోదావరి వంతెన ఎక్కుతుండగా అన్నాడు: "సరే చెల్లె. నినాదం గినాదం అంటే మాత్రం లేచిపోత."

మర్నాడు ఆరుగురూ బొట్లు పెట్టుకుని వచ్చి వెనక బెంచీల్లో కూర్చున్నారు. అంత నిండిన క్లాసు ఎన్నడూ చూడని మా సార్ తనిఖీ అధికారిని కూడా మరిచిపోయి పాఠం దంచేశారు. అధికారి లేచి అడిగాడు: "రాజ్యమంటే ఏమిటి?"

మేం తొమ్మిది మందిమీ బల్లల వంక చూశాం. రాజ్యాన్ని కూలదోస్తామని ఏడాదిగా అరుస్తున్నామే గానీ అదేంటో పుస్తకం తెరిచి చూసింది లేదు. వెనక నుంచి అతను లేచి, ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం అంటూ గడగడా చెప్పేశాడు.

"ఇట్లాంటి పిల్లలుండగా గ్రూపు ఎలా మూస్తాం!" అని అధికారి మురిసిపోయాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

తిరుగు ఆటోలో అడిగాను. "నీకు గదెట్ల తెలుసు?"

"సర్కారు నౌకరి పరీక్షకు చదువుతున్న. నోట్సు గావాల్నా?"

గ్రూపు మేం బయటపడేదాకా బతికి, మరుసటేడు మూతపడింది. నేను ఫైనల్ పాసయింది అతని నోట్సుతోనే. సంఘంలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.